కౌనస్ నగరంలో కాన్సల్

పాఠ్యభాగ నేపథ్యం

1868లో మెయిజీ యుగం ఆరంభమైన నాటినుండి 1945లో రెండవ ప్రపంచ యుద్ధంలో ఓటమి పొందేవరకు జపాన్ ఒక సామ్రాజ్యంగా విస్తరించింది. ఆ కాలపు జపాన్ అనగానే సేనానులూ, నౌకాధిపతులూ జ్ఞప్తికి రావడం సహజం. ఆ సామ్రాజ్యపు విదేశాంగ శాఖలో చిన్న ఉద్యోగిగా చేరి, ఉన్నత పదవులేవీ అధిష్ఠించకుండానే నిష్క్రమించిన ఒక అధికారి ఉద్యోగ జీవితం ప్రస్తుత పాఠ్యభాగం. ఆయన పేరు సుగిహారా చియూనె. జపనీయుల ఆచారంలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత వస్తాయి. తెలుగువారి ఆచారమూ అదే కనుక ఆయన పేరును ఆ దేశపు వరుసలోనే ఇక్కడ రాయడం జరిగింది.

పాఠం

వీసా అనే మాట నేడు తెలుగునాట పల్లెలలో సైతం వినిపిస్తుంది. ఉన్నత విద్యకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళగోరే బిడ్డ ఉన్న ఇంట ఆ మాట చుట్టూ ఎంతో నిరీక్షణ ఉంటుంది. వీసా రాకపోతే ఒక ఏడాది వృథా అవుతుంది, ఒక ఆశ వాయిదా పడుతుంది. 1940 వేసవిలో లిథువేనియా దేశంలో చిక్కుకొన్న యూదులకు ఆ మాటకున్న అర్థం వేరు. పాస్‌పోర్టులో ఒక పుటపై నాలుగు పంక్తుల చేతిరాత, దానికింద ఒక ఎర్రని ముద్ర ఉన్నవారు ఖండాలు దాటి బతికారు. లేనివారిలో అత్యధికులు మరుసటి సంవత్సరం దాటలేదు.

సుగిహారా చియూనె 1900 జనవరి 1న జపాన్‌లోని గిఫు మండలంలో జన్మించాడు. ఆయన పేరును రెండు లిపి చిహ్నాలతో రాస్తారు. మొదటిదానికి వేయి అనీ, రెండవదానికి పొలంలోని చాలు అనీ అర్థం. ఆ చిహ్నాలనే మరొక పద్ధతిలో చదివితే ‘సెంపో’ అవుతుంది. ఈ చిన్న విషయానికి కథ చివర కొంత ప్రాధాన్యం ఉంది.

తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. కుమారుడు వైద్యుడు కావాలని ఆయన కోరిక. చియూనెకు ఆ వృత్తిపై మక్కువ లేదు. వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు తండ్రి మాట కాదనలేక హాజరై, సమాధాన పత్రంపై తన పేరు మాత్రం రాసి లేచి వచ్చాడని చెబుతారు. 1918లో టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో ఆంగ్లం చదవడానికి చేరాడు. ఇంటినుండి ధనసహాయం అందక చిన్నచిన్న పనులు చేసుకొంటూ చదివాడు. ఆ దశలో విదేశాంగ శాఖ పత్రికలలో ఒక ప్రకటన చేసింది. పరీక్షలో నెగ్గిన యువకులను ప్రభుత్వ వ్యయంతో విదేశాలకు పంపి, అక్కడి భాషలు నేర్పించి, తరువాత ఉద్యోగంలోకి తీసుకొంటారు. 1919లో సుగిహారా ఆ పరీక్షలో ఉత్తీర్ణుడై, రష్యన్ భాషాభ్యాసానికి మంచూరియాలోని హార్బిన్ నగరానికి వెళ్ళాడు.

హార్బిన్ చైనా నేలపై రష్యన్లు రైలుమార్గం కోసం నిర్మించుకొన్న పట్టణం. 1917 విప్లవం తరువాత స్వదేశం విడిచిన రష్యన్లు వేలాదిగా అక్కడ స్థిరపడ్డారు. చైనీయులు, జపనీయులు, పోలండ్‌వారు, యూదులు ఒకే వీథిలో దుకాణాలు నడిపేవారు. పుస్తకంలో నేర్చిన భాష బజారులో నిగ్గుదేలాలంటే అంతకన్న తగిన చోటు దుర్లభం. మధ్యలో సుమారు రెండేళ్ళు సైనికసేవ చేసి వచ్చిన సుగిహారా, 1924లో విదేశాంగ శాఖలో గుమస్తాగా నియమితుడయ్యాడు. అదే సంవత్సరం క్లావ్‌దియా అనే రష్యన్ యువతిని వివాహమాడి, ఆమె అనుసరించే ఆర్థడాక్స్ క్రైస్తవాన్ని స్వీకరించాడు. 1926లో సోవియట్ ఆర్థిక వ్యవస్థపై ఆయన రాసిన బృహన్నివేదికను విదేశాంగ శాఖ గ్రంథంగా ముద్రించింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవయ్యారేళ్ళు.

1931 సెప్టెంబరులో జపాన్ క్వాంటుంగ్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. మరుసటి సంవత్సరం అక్కడ ‘మంచూకువో’ పేరుతో ఒక కీలుబొమ్మ రాజ్యం వెలసింది. సుగిహారా ఆ రాజ్యపు విదేశాంగ విభాగంలో చేరాడు. ఆ ప్రాంతంలో రష్యా అధీనంలో ఉన్న రైలుమార్గాన్ని కొనుగోలు చేయడం ఆయనకు అప్పగించిన పనులలో ముఖ్యమైనది. 1933లో చర్చలు మొదలైనప్పుడు సోవియట్ పక్షం 62 కోట్ల 50 లక్షల యెన్లు అడిగింది. ఎన్ని ఇంజన్లున్నాయి, ఎన్ని పెట్టెలు తుప్పు పట్టాయి, రష్యన్లు ఏ సామగ్రిని తరలించుకుపోయారు అనే వివరాలన్నీ సుగిహారా సేకరించి ఉంచాడు. 1935 మార్చిలో బేరం 14 కోట్ల యెన్లకు కుదిరింది. జపాన్‌కు అది గొప్ప విజయం. సోవియట్ అధికారులు మాత్రం ఆ పేరును మరచిపోలేదు.

ఇంతటి విజయం సాధించిన అధికారి ఆ సంవత్సరమే మంచూకువో పదవికి రాజీనామా చేశాడు. స్థానిక చైనీయులను జపాన్ సైనికులు మనుషులుగా చూడకపోవడం సహించలేకపోయానని ఆయన తరువాతి కాలంలో చెప్పాడు. తమకు గూఢచారిగా పనిచేయమని సైన్యం ఒత్తిడి చేయడం మరొక కారణం. అయితే ఇక్కడొక విషయం గమనించాలి. ఆయన సామ్రాజ్యాన్ని ఎదిరించి బయటికి నడచిన తిరుగుబాటుదారు కాడు. మంచూకువో కొలువును మాత్రమే వదలి, టోక్యోకు తిరిగివచ్చి, జపాన్ విదేశాంగ శాఖలోనే కొనసాగాడు. మొదటి వివాహం విచ్ఛిన్నమైంది. తరువాత యుకికో అనే జపాన్ యువతిని పెళ్ళాడాడు.

మాస్కోలోని జపాన్ రాయబార కార్యాలయంలో దుబాసీగా ఆయన నియామకం జరిగింది. రైలుమార్గం బేరం గుర్తున్న సోవియట్ ప్రభుత్వం ప్రవేశానుమతి నిరాకరించింది. వలస రష్యన్లతో ఆయనకు సంబంధాలున్నాయన్నది చూపిన కారణం. వేలాదిమందికి వీసాలు రాసిన మనిషి ఒకప్పుడు తనకు వీసా దొరకక నిలిచిపోయాడన్నమాట! 1937లో ఆయనను ఫిన్లండ్ రాజధాని హెల్సింకీకి పంపారు. 1939లో లిథువేనియాలోని కౌనస్ నగరంలో కొత్తగా తెరిచే కార్యాలయానికి ఉపకాన్సల్‌గా బదిలీ చేశారు.

కౌనస్ అప్పటి లిథువేనియాకు తాత్కాలిక రాజధాని. ఆ దేశంలో నివసించే జపనీయులు దాదాపు లేరు. వర్తకమూ లేదు. మరి కాన్సల్ కార్యాలయం ఎందుకు? అటు జర్మనీకీ, ఇటు సోవియట్ రష్యాకూ నడుమనున్న ఆ చిన్న దేశంనుండి రెండు పక్షాల సేనల కదలికలను గమనించి టోక్యోకు తెలియజేయడమే ఆయనకు నిర్దేశించిన అసలు పని. ఆ సమాచారం కోసం ఆయన పోలండ్ గూఢచార అధికారులతో సైతం సంబంధాలు పెట్టుకొన్నాడు. కార్యాలయం కొండవాలున ఉన్న ఒక ఇంటిలో. కింద కచేరి, పైన సంసారం. యుకికో, ఆమె సోదరి, ఇద్దరు చిన్న కుమారులు. 1940లో అక్కడే మూడవ కుమారుడు హారుకి జన్మించాడు.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌పై దాడి చేసింది. పదహారు రోజుల తరువాత తూర్పునుండి సోవియట్ సేనలు ప్రవేశించాయి. రెండింటి నడుమ నలిగిన పోలండ్ యూదులు వేలసంఖ్యలో తటస్థ దేశమైన లిథువేనియాకు తరలివచ్చారు. న్యాయవాదులు, వర్తకులు, బిడ్డలను చంకనెత్తుకొన్న తల్లులు, మతవిద్యార్థులు. మిర్ అనే ఊరిలోని ప్రఖ్యాత యూదు ధర్మవిద్యాలయం గురువులతో, శిష్యులతో మొత్తంగా కదలి వచ్చింది. వారికి దొరికిన నీడ ఎంతోకాలం నిలువలేదు. 1940 జూన్ 15న సోవియట్ సేనలు లిథువేనియాలో ప్రవేశించాయి. విదేశీ కార్యాలయాలన్నీ ఆగస్టులోగా మూతపడాలని ఆజ్ఞ వెలువడింది. పడమట జర్మనీ. సముద్రమార్గం యుద్ధంతో మూసుకుపోయింది. మిగిలినది తూర్పుదారి ఒక్కటే. రష్యాను ఈ కొసనుండి ఆ కొసకు దాటి, జపాన్ మీదుగా మరెక్కడికైనా చేరాలి. జపాన్ మీదుగా వెళ్ళాలంటే జపాన్ మార్గమధ్య వీసా ఉండాలి. ఆ వీసా ఇవ్వాలంటే చివరికి చేరబోయే దేశం అనుమతి చూపాలి. ఏ దేశం అనుమతిస్తుంది?

ఈ ముడిని మొదట విప్పినవాడు సుగిహారా కాదు. యాన్ జ్వార్టెండిక్ అనే డచ్చి పౌరుడు. ఫిలిప్స్ సంస్థకు కౌనస్‌లో ప్రతినిధిగా రేడియోలు, విద్యుద్దీపాలు అమ్మే ఈయనకు కొద్ది వారాల ముందే డచ్చి కాన్సల్ బాధ్యత అప్పగించారు. కరిబియన్ సముద్రంలో కురసావ్ అనే డచ్చి దీవి ఉంది. అక్కడికి వెళ్ళడానికి వీసా అవసరం లేదు. కాని దిగడానికి అక్కడి గవర్నరు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి దొరకడం దాదాపు అసంభవం. జ్వార్టెండిక్ మొదటి వాక్యం రాసి, రెండవది విడిచిపెట్టాడు. రాసినదానిలో అబద్ధం లేదు. సత్యం సగమే ఉంది. రెండు వారాలకు లోపే ఆయన రెండువేలకు పైగా పాస్‌పోర్టులలో ఆ సగం సత్యాన్ని రాసిపెట్టాడు. కురసావ్‌కు వెళ్ళే ఉద్దేశం వారిలో ఎవరికీ లేదు. గమ్యం పేరు కాగితంపై ఉండటమే కావలసినది.

జూలై మూడవ వారంలో ఒక ఉదయం సుగిహారా ఇంటి ముందు జనం గుమికూడారు. కటకటాల వెలుపల అలసిన ముఖాలతో వందలమంది. వారిలోనుండి ఐదుగురు ప్రతినిధులను లోనికి పిలిచి మాట్లాడాడు. ఆ ఐదుగురిలో జోరాక్ వార్‌హఫ్టిగ్ అనే యువ న్యాయవాది ఒకడు. కొద్దిమందికైతే కాన్సల్ తన అధికారంతో వీసా ఇవ్వవచ్చు. వేలమంది విషయం అలా కాదు. టోక్యోను అడగాలి.

మూడుసార్లు తంతి పంపి అనుమతి కోరాననీ, మూడుసార్లూ నిరాకరణే వచ్చిందనీ సుగిహారా వార్ధక్యంలో గుర్తు చేసుకొన్నాడు. ఈ ఘట్టాన్ని చెప్పేవారు సాధారణంగా టోక్యో ప్రభుత్వం యూదులకు వీసాలు ఇవ్వవద్దని శాసించిందని చెబుతారు. నిజం అంతకన్న సూక్ష్మమైనది. యూదులను వెళ్ళగొట్టరాదనీ, ఇతర విదేశీయులతో సమానంగా చూడాలనీ 1938 డిసెంబరులో జపాన్ మంత్రుల సమావేశం నిర్ణయించింది. టోక్యో కోరినది నిబంధనల పాలన. గమ్యదేశపు అనుమతి, ప్రయాణానికీ జపాన్‌లో బసకూ చాలినంత ధనం ఉన్నవారికే వీసా ఇవ్వాలి. వినడానికి ఇందులో క్రౌర్యం లేదు. ఏ దేశపు కార్యాలయంలోనైనా ఇటువంటి నిబంధనలే ఉంటాయి. ఇల్లు విడిచి, కట్టుబట్టలతో సరిహద్దులు దాటివచ్చిన మనిషి ఆ నిబంధనను తీర్చలేడు. కాగితంపై న్యాయంగా కనిపించే ఆజ్ఞ గేటు ముందు నిలబడినవారికి మరణశాసనంగా మారగలదు. ఆ తేడాను చూడగలిగినవాడు ఆ పూట ఆ కార్యాలయంలో ఒక్కడే ఉన్నాడు, నిర్ణయించవలసినవాడూ అతడే.

పైవారి ఆజ్ఞ పాటిస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఉల్లంఘిస్తే పదవి పోవచ్చు, సోవియట్ అధికారుల చేతిలో కుటుంబం ఇక్కట్లపాలు కావచ్చు. సుగిహారా భార్యతో ఆలోచించాడు. ఆమె సమ్మతించింది. సోవియట్ అధికారులను కలిసి వారి భాషలోనే మాట్లాడి, జపాన్ వీసా ఉన్నవారిని తమ దేశం మీదుగా వెళ్ళనిచ్చేలా చూశాడు. హార్బిన్‌లో నేర్చిన రష్యన్ భాష అన్ని చర్చలలోకీ ఈ ఒక్కచోట ఎక్కువ ఫలించిందని చెప్పవచ్చు.

జూలై నెల చివరి రోజులలో రాత మొదలైంది. వీసాలోని ప్రతి అక్షరం జపాన్ లిపిలో చేతితో రాయవలసినదే. పేరు, గమ్యం, తేదీ, సంతకం, ముద్ర. ఒక్కొక్క రోజు రెండు వందలకు పైగా రాసిన సందర్భాలున్నాయి. మధ్యాహ్న భోజనానికి లేచేవాడు కాదు. రాత్రికి చేయి కదలక పడుకొంటే యుకికో ఆ చేతిని ఒత్తేది. మిర్ విద్యాలయానికి చెందిన ఒక యువకుడు తన సహాధ్యాయుల పాస్‌పోర్టుల కట్ట పట్టుకొని వచ్చి, పని వేగం చూసి, తానే కార్యాలయంలో కూర్చొని సుమారు రెండు వారాలు ముద్రలు వేయడంలో తోడ్పడ్డాడు. ఎవరి చేతిలోని కురసావ్ కాగితం ఎంత నిజమో సుగిహారా తరచి చూడలేదు. ధనం ఉందా అని గుచ్చి అడగలేదు.

ఆగస్టు 16న విదేశాంగమంత్రి మత్సుఓకా నుండి ఒక తంతి వచ్చింది. అది నేటికీ జపాన్ విదేశాంగ శాఖ దస్తావేజులలో భద్రంగా ఉంది. మీ వీసాలతో వస్తున్నవారిలో కొందరి వద్ద డబ్బు లేదు, గమ్యదేశపు అనుమతులూ పూర్తికాలేదు, వారిని ఏమిచేయాలో తెలియక ఇక్కడ ఇబ్బంది పడుతున్నాము, ఇకపై జాగ్రత్త వహించండి అని దాని సారాంశం. ఆ తంతి తరువాత కూడా వీసాలు వెలువడుతూనే ఉన్నాయి. సెప్టెంబరు 1న సుగిహారా జవాబిచ్చాడు. ఈ చుట్టుపక్కల ఆ దేశాల కార్యాలయాలేవీ లేవనీ, తన కార్యాలయం మూతపడే వేళ దగ్గరపడినదనీ, వ్లదివోస్తోక్‌లో ఓడ ఎక్కేలోగా మిగిలిన అనుమతులు పొందాలనే షరతుమీదనే వీసా ఇస్తున్నాననీ అందులో రాశాడు. వినయంగా, నియమబద్ధంగా, కచేరి భాషలో రాసిన జవాబు అది. అప్పటికే పని దాదాపు ముగిసింది.

సెప్టెంబరు మొదటి వారంలో కుటుంబం బెర్లిన్ వెళ్ళే రైలు ఎక్కింది. ప్లాట్‌ఫారంపైకి కూడా జనం వచ్చారు. రైలు కదిలేవరకు కిటికీలోనుండి కాగితాలు అందించాడనీ, ఇక రాయలేనని, మన్నించమని తల వంచాడనీ యుకికో తన జ్ఞాపకాలలో రాసింది.

సుగిహారా టోక్యోకు సమర్పించిన జాబితాలో 2,139 పేర్లున్నాయి. ఒక వీసాపై కుటుంబమంతా ప్రయాణించే వీలుంది కనుక ఆరువేలమంది బతికారని చాలాచోట్ల రాస్తారు. వీసా పొందిన అందరూ ప్రయాణం చేయలేకపోయారు. కొందరికి సోవియట్ నిష్క్రమణ అనుమతి రాలేదు, కొందరికి టికెట్టుకు కావలసిన డాలర్లు దొరకలేదు, కొందరు రేపుమాపని ఆగిపోయారు. కాబట్టి కచ్చితమైన సంఖ్యపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. వేలమంది అన్నది మాత్రం నిశ్చయం.

వారి ప్రయాణం కూడా ఒక కథే. మాస్కో నుండి వ్లదివోస్తోక్‌కు తొమ్మిదివేల కిలోమీటర్లకు పైగా రైలుదారి. అక్కడినుండి ఓడలో జపాన్‌లోని త్సురుగా రేవు. దిగినవారికి ఆ ఊరివారు పండ్లు ఇచ్చారనీ, స్నానశాలలో ఉచితంగా స్నానం చేయనిచ్చారనీ ఊరి పెద్దలు చెప్పుకొనేవారు. ఈ గొలుసులో మరికొన్ని లంకెలున్నాయి. 1941 మార్చిలో వ్లదివోస్తోక్‌లోని జపాన్ కాన్సల్ కార్యాలయాధికారి నెయి సబురోకు, శరణార్థుల వీసాలను మళ్ళీ తనిఖీ చేసి అనర్హులను ఆపమని టోక్యో ఆదేశించింది. ఆయన కూడా హార్బిన్‌లో చదివినవాడే. సామ్రాజ్యపు కాన్సల్ ఇచ్చిన వీసాను మనమే తిరస్కరిస్తే మన దేశపు మాటకు విలువ ఉండదని ఆయన బదులిచ్చాడు. కరుణ పేరెత్తకుండా దేశ గౌరవం పేరుతో వాదించాడు. అధికారులను ఒప్పించడానికి ఏ మాట పనికివస్తుందో ఎరిగిన జవాబు. కోబె నగరంలో హీబ్రూ పండితుడు కొత్సుజి సెత్సుజో స్థానిక అధికారుల చుట్టూ తిరిగి శరణార్థుల బస గడువు పొడిగింపజేశాడు. ముందుకు పోయే దారి దొరకని సుమారు వేయిమందిని 1941లో షాంఘైకి తరలించారు. మిర్ విద్యాలయం అక్కడే యుద్ధాంతం వరకు పాఠాలు నడిపింది.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ రష్యాపై విరుచుకుపడింది. కొద్దిరోజులలో లిథువేనియా నాజీల వశమైంది. అక్కడి రెండు లక్షలకు పైబడిన యూదులలో నూటికి తొంభైమందికన్న ఎక్కువ హతులయ్యారు. కౌనస్ శివారులోని తొమ్మిదవ కోట వధ్యశాల అయింది. ఒక సంవత్సరం ముందు సుగిహారా గేటు ముందు నిలిచి, వీసా అందక వెనుదిరిగినవారి గతి ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

సుగిహారా ఉద్యోగం వెంటనే ఊడిపోలేదు. యూరపులో రష్యన్ తెలిసిన అధికారి అవసరం జపాన్‌కు ఉంది. ప్రేగ్, తరువాత జర్మనీలోని కోనిగ్స్‌బెర్గ్, ఆపై రుమేనియా రాజధాని బుకారెస్ట్. కోనిగ్స్‌బెర్గ్ నుండి ఆయన 1941 మే నెలలోనే జర్మన్ సేనల మోహరింపును గురించి టోక్యోకు తెలియజేశాడు. 1944లో ప్రభుత్వం ఆయనకు ఒక పతకం కూడా ప్రదానం చేసింది. అంటే యుద్ధకాలమంతా ఆయన సామ్రాజ్యానికి సమర్థుడైన సేవకుడుగానే ఉన్నాడు. ఆయన జీవితాన్ని ఆలోచించేవారికి ఇది మింగుడుపడని అంశం కావచ్చు. కాని దీనిని విడిచిపెడితే మిగిలేది సగం మనిషే.

యుద్ధాంతంలో సోవియట్ సేన బుకారెస్ట్‌లో ఆయనను సకుటుంబంగా నిర్బంధించింది. విడుదలై 1947 ఏప్రిల్‌లో జపాన్ చేరేనాటికి వారు సైబీరియా మీదుగా, కౌనస్ శరణార్థులు వెళ్ళిన దారినే పయనించారు. ఆ జూన్‌లో విదేశాంగ శాఖ ఆయనను రాజీనామా చేయమంది. ఓడిన దేశానికి విదేశాలతో సంబంధాలే లేవు కనుక ఉద్యోగులను పెద్దసంఖ్యలో తగ్గిస్తున్నారన్నది అధికారిక కారణం. లిథువేనియా వ్యవహారమే అసలు కారణమని సుగిహారా దంపతులు నమ్మారు. అదే సంవత్సరం, కౌనస్‌లో పుట్టిన హారుకి ఏడేళ్ళ ప్రాయంలో మరణించాడు.

నలభయ్యేడేళ్ళ వయస్సులో ఉద్యోగం లేని దౌత్యాధికారి దొరికిన పనులన్నీ చేశాడు. అమెరికన్ సైనికుల దుకాణంలో పనిచేశాడు. అనువాదాలు చేశాడు. 1960 నుండి ఒక వర్తక సంస్థ పక్షాన మాస్కోలో పనిచేస్తూ, కుటుంబానికి దూరంగా పదిహేనేళ్ళు గడిపాడు. ఒకప్పుడు వీసా నిరాకరించిన నగరంలోనే వార్ధక్యం ఆరంభమైంది. కౌనస్ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

బతికినవారు ఆయనను మరచిపోలేదు. వారిలో కొందరు టోక్యో విదేశాంగ శాఖకు వెళ్ళి సెంపో సుగిహారా అనే అధికారి ఎక్కడున్నాడని అడిగారు. చియూనె అని పలకడం విదేశీయులకు కష్టమని ఆయన తన పేరును సెంపో అని చెప్పేవాడు. ఆ పేరుగల అధికారి తమ పట్టికలో లేడని శాఖ సమాధానమిచ్చింది. 1968లో టోక్యోలోని ఇజ్రాయిల్ రాయబార కార్యాలయ ఉద్యోగి యెహోషువా నిష్రి ఆయన జాడ కనుగొన్నాడు. అతడు కూడా కౌనస్‌లో వీసా పొందినవాడే. 1969లో సుగిహారా ఇజ్రాయిల్ వెళ్ళాడు. ఆయనకు స్వాగతం పలికిన మతవ్యవహారాల మంత్రి మరెవరో కాదు, కౌనస్‌లో లోనికి వచ్చి మాట్లాడిన ఐదుగురిలో ఒకడైన వార్‌హఫ్టిగ్. జపాన్ ప్రభుత్వ అనుమతితోనే ఆ వీసాలు ఇచ్చారని అంతవరకు వార్‌హఫ్టిగ్ భావించాడు. ఆ అధికారి పైవారిని కాదని ఇచ్చాడన్న సంగతి ఇరవైతొమ్మిదేళ్ళ తరువాత అప్పుడు తెలిసింది.

1985లో ఇజ్రాయిల్ ఆయనను ‘దేశదేశాల ధర్మాత్ములు’ అనే గౌరవానికి ఎంపిక చేసింది. అస్వస్థత వల్ల ఆయన వెళ్ళలేకపోయాడు. భార్యా, కుమారుడూ స్వీకరించారు. 1986 జూలై 31న సుగిహారా కన్నుమూశాడు. అంత్యక్రియలకు ఇజ్రాయిల్ ప్రతినిధులు తరలివచ్చినప్పుడు గాని తమ పక్కింటి ముసలాయన ఎవరో ఇరుగుపొరుగువారిలో చాలామందికి తెలియలేదు.

2000 అక్టోబరు 10న జపాన్ విదేశాంగమంత్రి కోనో యోహెయి, శాఖ దస్తావేజుల భవనంలో సుగిహారా స్మారక ఫలకాన్ని ఆవిష్కరిస్తూ, గతంలో ఆయన కుటుంబం పట్ల శాఖ వ్యవహరించిన తీరుకు విచారం ప్రకటించాడు. ఉద్యోగం పోయి అప్పటికి యాభైమూడేళ్ళు. కౌనస్‌లోని ఆ ఇల్లు తరువాత ప్రదర్శనశాల అయింది. లిథువేనియా 2020ని సుగిహారా సంవత్సరంగా ప్రకటించింది.

జ్వార్టెండిక్‌కు అదే గౌరవం 1997లో లభించింది. ఫిలిప్స్ సంస్థలో ఉద్యోగం చేసి విశ్రాంతి పొందిన ఆయన, తాను రాసిన కాగితాలతో ఎందరు బయటపడ్డారో తెలియకుండానే 1976లో మరణించాడు. కౌనస్ నగరంలో వీరిద్దరి కార్యాలయాల మధ్య దూరం కొద్దిపాటిదే. ఒకరి గేటు దగ్గరనుండి మరొకరి గేటుకు శరణార్థులు నడిచి వచ్చేవారు.

ప్రశ్నలు

అ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. రాసినదానిలో అబద్ధం లేదు. సత్యం సగమే ఉంది.
2. కరుణ పేరెత్తకుండా దేశ గౌరవం పేరుతో వాదించాడు.

ఆ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కౌనస్ నగరంలో సుగిహారా ఎదుర్కొన్న సంకట పరిస్థితిని, ఆయన నిర్ణయాన్ని వివరించండి.
2. సుగిహారా సామ్రాజ్యానికి విధేయుడా, అవిధేయుడా? పాఠంలోని అంశాల ఆధారంగా మీ అభిప్రాయం రాయండి.

ఇ) ఒక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. సోవియట్ ప్రభుత్వం సుగిహారాకు వీసా ఎందుకు నిరాకరించింది?
2. విదేశాంగ శాఖ పట్టికలో ‘సెంపో’ అనే పేరు ఎందుకు దొరకలేదు?
3. శరణార్థులు ఓడ దిగిన జపాన్ రేవు ఏది?